వాలు తప్పిన కాలువలు: కలకత్తా నగరపు అనుభవము

నీరు పల్లమెరుగును అనే సామెత మన దేశములో చదువు రాని రైతుకు కూడా తెలుసు. పొలములో బోదె త్రవ్వేవాడు ముందుగా నేల వాలు చూచి తరువాతనే పార పట్టుకొంటాడు. కాని ఒక గొప్ప నగరమును నిర్మించినవారు ఈ చిన్న సంగతిని చాలకాలము గమనించలేదు. వారు త్రవ్వించిన మురుగుకాలువలు నేల వాలుకు ఎదురుగా సాగాయి. ఫలితముగా వీధులు చెరువులైనాయి, గోడలు చెమ్మగిల్లాయి, పునాదులు క్రుంగాయి. ఆ నగరము ఈనాడు కోల్‌కతాగా పిలువబడుతున్న కలకత్తా.

నేల తీరు

ఈస్టిండియా కంపెనీవారు 1690లో హుగ్లీ నది తూర్పు గట్టున తమ వర్తకస్థానమును నెలకొల్పారు. ఓడలు నిలుచుటకు ఆ చోటు అనువైనది. అయితే అక్కడి నేలకు ఒక విశేషమున్నది. వరదలో నది గట్టు దాటినప్పుడు నీటి వేగము తగ్గి, బరువైన ఇసుక, ఒండ్రు గట్టుప్రక్కనే దిగిపోతాయి. తేలికయైన బురద మాత్రమే దూరము పోతుంది. ఇట్లు వేల సంవత్సరాలు జరుగగా నది ఒడ్డు ఎత్తుగా, ఒడ్డునుండి దూరమైనకొద్దీ నేల పల్లముగా తయారవుతుంది. కలకత్తాలో జరిగినది ఇదే. నగరపు నేల నదినుండి తూర్పునకు, ఉప్పుచెరువుల వైపునకు వాలి ఉన్నది. ఆ చెరువులకు ఆవల విద్యాధరి అనే నది ఉండేది. అది సముద్రపు ఆటుపోట్లకు లోనైన నది.

నది ఎదుటనే ఉండగా మురుగును అందులోనికి వదలుట సులభమని తొలినాటివారికి తోచినది. అందుచేత పెద్దకాలువలను హుగ్లీ వైపునకు త్రిప్పారు. ఎండకాలములో ఈ పొరపాటు బయటపడలేదు. వానకాలము రాగానే బయటపడినది. కలకత్తాలో ఏటా సుమారు 1600 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అందులో చాలభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకే పడుతుంది. సరిగా ఆ రోజులలోనే హుగ్లీ నిండుగా ప్రవహిస్తుంది. పైగా రోజుకు రెండుసార్లు సముద్రపు పోటు నదిమట్టమును ఇంకను పెంచుతుంది. అప్పుడు కాలువ నోరు నదిమట్టముకంటె దిగువకు పోతుంది. లోపలి నీరు బయటికి పోకపోగా, నదినీరే ఎదురెక్కి వస్తుంది.

ఇండ్లకు కలిగిన హాని

నిలిచిన నీరు ఇంటిని ఎట్లు పాడుచేస్తుందో కొంచెము వివరముగా చూద్దాము. ఇటుకలో కంటికి కనబడని సన్నని రంధ్రాలు ఎన్నో ఉంటాయి. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లే ఇటుకగోడ నేలలోని తడిని పైకి పీల్చుకొంటుంది. ఆ తడితోపాటు నేలలోని లవణాలు కూడా గోడలోనికి ఎక్కుతాయి. గాలి తగిలి నీరు ఆవిరియైనప్పుడు లవణము మిగిలి, రంధ్రాలలో స్ఫటికాలుగా పెరుగుతుంది. ఆ స్ఫటికాల ఒత్తిడికి గార ఉబ్బి, పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. సున్నము కొట్టించినా కొద్దికాలమునకే మరల ఉప్పు పొంగుతుంది. ఇది గోడ సంగతి. పునాది సంగతి ఇంతకంటె ప్రమాదకరము. ఒండ్రునేల తడిసినప్పుడు మెత్తబడి, ఎండినప్పుడు కుదించుకొంటుంది. ఒక మూల ఎక్కువగా, ఒక మూల తక్కువగా నేల క్రుంగితే గోడ నిలువునా చీలుతుంది.

పేదల గుడిసెలకు మరొక చిక్కు వచ్చినది. వారు ఇంటి నేలను ఎత్తు చేసికొనుటకు ప్రక్కనే మట్టి త్రవ్వేవారు. త్రవ్విన చోటు గుంటయై, వాన పడగానే మురికి మడుగుగా మారేది. నీటినుండి తప్పించుకొనుటకు చేసిన పనియే ఇంటిప్రక్కన నీటిని నిలిపినది. మట్టిగోడ నీట నానితే ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పనక్కరలేదు.

తెలిసిన తప్పు, జరిగిన జాగు

ఈ తప్పు పాలకులకు తెలియక పోలేదు. 1803 జూన్‌లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ నగరాభివృద్ధిని గూర్చి ఒక వ్రాతను ప్రకటించాడు. అంతకు ముందు వారములోనే నగరములో పెద్దభాగము నీట మునిగి ఉన్నది. కాలువలు నగరమును శుభ్రము చేయుటకుగాని, వరదనీటిని తీసివేయుటకుగాని పనికిరావని అందులో చెప్పాడు. హుగ్లీ వైపునకు కాలువలు త్రిప్పుటయే మొదటి తప్పని, నేల ఉప్పుచెరువుల వైపునకు వాలి ఉన్నదని పలువురు నమ్ముతున్నట్లు పేర్కొన్నాడు. ఈ స్థితివలన యూరోపియనుల ఆరోగ్యమునకు, దేశీయుల ఆరోగ్యమునకు కూడా కీడని హెచ్చరించాడు.

30 మందితో ఒక సంఘము ఏర్పడినది. 1817లో లాటరీ కమిటీ వచ్చినది. లాటరీల ద్వారా సేకరించిన సొమ్ముతో విశాలమైన రోడ్లు వేయించి, చెరువులు త్రవ్వించారు. కాని నగరమునకంతకు సరిపడే మురుగు ఏర్పాటు మాత్రము రాలేదు. 1837లో డాక్టర్ జేమ్స్ రానాల్డ్ మార్టిన్ కలకత్తా నేల, నీరు, వ్యాధులను గూర్చి ఒక గ్రంథము ప్రచురించి ఈ విషయమును మరల ముందుకు తెచ్చాడు. అప్పటికి 34 వానకాలాలు గడచిపోయాయి.

మట్టములు కొలిచిన తరువాత

నమ్మకము వేరు, కొలత వేరు. ఇంత చదునైన నేలలో వాలు కంటికి కనబడదు. మైలుకు 5 అడుగుల వాలు అంటే సుమారు వెయ్యి అడుగులకు ఒక్క అడుగు. దానిని మట్టసాధనముతో కొలిచి తెలిసికొనవలసినదే. 1840ల చివరి సంవత్సరాలలో ఎఫ్. డబ్ల్యూ. సిమ్స్ అనే ఇంజనీరు నగరమును సర్వే చేశాడు. మట్టములు కొలిచే విద్యపై అంతకు ముందే పుస్తకము వ్రాసిన నిపుణుడాయన.

1855లో విలియం క్లార్కు అనే ఇంజనీరు సమగ్రమైన పథకమును రూపొందించాడు. నేల వాలును అనుసరించి మురుగును తూర్పునకు నడుపుట దాని మూలసూత్రము. 1859లో ఆరంభమైన పని 1875 నాటికి పూర్తియైనది. భూమి లోపల ఇటుక కాలువలు కట్టారు. వీటిలో అనేకము గ్రుడ్డు ఆకారము గలవి. సన్నని కొన క్రిందికి ఉండుటవలన నీరు తక్కువైనప్పుడు కూడా ఇరుకున వేగముగా పారి, మడ్డిని దిగనీయదు. వాలుతోపాటు కాలువ క్రమముగా లోతునకు దిగుతుంది గనుక, తూర్పు కొసన పామర్స్ బ్రిడ్జి వద్ద నీటిని యంత్రాలతో పైకి తోడి ఉప్పుచెరువుల వైపునకు వదిలారు.

మిగిలిన లోటు

వాలు దిద్దుకొన్నది గాని కష్టము పూర్తిగా తీరలేదు. వాననీటిని, మురుగును ఒకే కాలువలో పంపారు. గంటకు 6 మిల్లీమీటర్ల వాననీటికి సరిపోయేటట్లు కాలువల కొలతలు నిర్ణయించారు. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్ల నీరవుతుంది. గంటలో 3, 4 సెంటీమీటర్లు కురిసినప్పుడు కాలువ పట్టగా మిగిలినదంతా వీధిలోనే నిలుస్తుంది.

కాలువ కొస కూడా చెడిపోయినది. విద్యాధరి ఆటుపోట్ల నీరు పరచుకొనే పల్లపు భూములకు గట్లు కట్టుటవలన నదిలో పూడిక పెరిగినది. 1928 నాటికి అది మృతనదిగా నిర్ణయింపబడినది. 1943లో మురుగును దూరమున ఉన్న కుల్టీ నదికి మళ్లించారు. ఉప్పుచెరువులలో కొంతభాగము మురుగునీటితో చేపలు పెంచే చెరువులుగా మారినది. సుమారు 12,500 హెక్టార్ల ఆ తడినేల 2002లో రాంసర్ జాబితాకు ఎక్కినది. మరికొంత భాగమును పూడ్చి 1960ల నుండి ఇండ్లు కట్టారు.

కాలువ అనగా ఇటుక, సున్నము మాత్రమే కాదు. అది మొదట నేలమట్టము, చివర నీటిని స్వీకరించే చోటు. ఈ రెండింటిలో ఏది చెడినా నడుమ ఎంత గట్టిగా కట్టినా నీరు ఇంటిలోనికే వస్తుంది. వెల్లస్లీ వ్రాతకు, క్లార్కు పథకమునకు నడుమ 52 సంవత్సరాలు. కొలత లేని ఆ కాలమునకు వెల చెల్లించినవారు చెమ్మగిల్లిన గోడల నడుమ కాపురమున్న ఇంటివారు.