ఆఫ్టన్ కొండ మీద చలివేంద్రం

వర్జీనియా రాష్ట్రంలో బ్లూ రిడ్జ్ కొండల వాలున ఆఫ్టన్ అనే చిన్న ఊరుంది. 1976 వేసవిలో ఆ ఊరి ఎత్తురోడ్డు మీద ఉన్నట్టుండి సైకిళ్లు రావడం మొదలైంది. వెనక చక్రానికి అటూ ఇటూ సంచులు, చెమటకు ఒంటికి అతుక్కుపోయిన చొక్కాలు. ఆ రోడ్డు పక్కనే తండ్రితో కలిసి ఉంటున్న జూన్ కర్రీకి అప్పటికి 55 ఏళ్లు. ఎత్తెక్కి వచ్చినవాళ్లు మంచినీళ్లడిగారు. తండ్రీకూతుళ్లు ఇచ్చారు. వట్టి నీళ్లేం ఇస్తామని ఆమె కుకీలు కాల్చి పెట్టడం మొదలుపెట్టింది. ఎండాకాలం మన ఊళ్లలో చలివేంద్రం వెలిసినట్టే, ఎవరూ చెప్పకుండానే అక్కడొకటి వెలిసింది.

ఇంతకీ ఆ సైకిళ్లు ఎక్కడివి?

నాలుగేళ్ల ముందు, 1972లో, రెండు జంటలు అలాస్కాలోని యాంకరేజ్ నుంచి సైకిళ్ల మీద బయలుదేరాయి. ఒక జంట గ్రెగ్, జూన్ సిపుల్. రెండోది డాన్, లిస్ బర్డెన్. చేరాల్సింది దక్షిణ అమెరికా కొసన ఉన్న టియెర్రా డెల్ ఫ్యూగో. దూరం సుమారు 18,000 మైళ్లు. 1973లో మెక్సికోలో ఉండగా గ్రెగ్‌కు ఒక ఊహ వచ్చింది. 1976కి అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండుతాయి కదా, ఆ వేసవిలో జనం సైకిళ్ల మీద ఈ తీరం నుంచి ఆ తీరానికి దేశం దాటితే ఎలా ఉంటుంది? ఫలానా రోజున శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కుకు సైకిళ్లతో రండని చెప్పి, వచ్చినవాళ్లతో కదిలిపోవడమే అతని మొదటి ఆలోచన. పేరు జూన్ సిపుల్ పెట్టింది. ద్విశతాబ్దిని చెప్పే 'బైసెంటెన్నియల్'లో బైకును కలిపి 'బైక్‌సెంటెన్నియల్' అంది.

ఆ తర్వాత డాన్‌కు హెపటైటిస్ సోకింది. బర్డెన్ దంపతులు యాత్ర మధ్యలోనే వెనక్కి వచ్చేశారు. ఎంత బాధపడి ఉంటారో! కానీ ఈ కథ నిలబడింది అక్కడే. సిపుల్ దంపతులు 1975లో దక్షిణపు కొసకు చేరేదాకా అమెరికాలో బైక్‌సెంటెన్నియల్ పని నడిపినవాళ్లు బర్డెన్‌లే. మోంటానాలోని మిజూలా ఊరు వాళ్లకు కేంద్రమైంది. సైకిలుకు ఆ ఊరు కొత్త కాదు. 1897లో 25వ పదాతి దళానికి చెందిన నల్లజాతి సైనికులు అక్కడి కోట నుంచి సెయింట్ లూయిస్ దాకా 1,900 మైళ్లు సైకిళ్ల మీదే వెళ్లారు.

దేశాన్ని సైకిలు మీద దాటడమూ కొత్త కాదు. 1884లోనే థామస్ స్టీవెన్స్ ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉన్న సైకిలు మీద శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బోస్టన్‌కు వెళ్లాడు. అది ఒక్క సాహసి చేసిన పని. బడిపంతులో, నర్సో, కాలేజీ కుర్రాడో భయం లేకుండా వెళ్లగలిగే దారి మాత్రం అంతవరకూ లేదు. ఈ నలుగురి అసలైన ఆవిష్కరణ అదే. వాళ్లు కొత్తగా ఒక్క గజం రోడ్డు కూడా వేయలేదు. ఉన్న రోడ్లలోనే లారీల రద్దీ లేని పల్లెదారులను ఏరి, ఒకదానికొకటి కుట్టి, మ్యాపులు అచ్చు వేశారు. ఒరెగన్ నుంచి వర్జీనియాలోని యార్క్‌టౌన్ దాకా 10 రాష్ట్రాలు, దాదాపు 4,250 మైళ్లు. 1976లో ఆ దారిన 4,100 మంది సైకిలు తొక్కారు. సుమారు 2,000 మంది తీరం నుంచి తీరానికి చేరారు.

పల్లెదారి పట్టినవాడు మనుషుల్ని తప్పించుకుని పోలేడు. టపా కచేరీ ముందు ఆగాలి, చిల్లరకొట్లో రొట్టె కొనాలి, చీకటి పడితే ఎక్కడ పడుకోవాలో ఎవరినో ఒకరిని అడగాలి. కెంటకీలో సీబ్రీ అనే ఊళ్లో బాప్టిస్టు చర్చి ఏళ్ల తరబడి సైకిలు బాటసారులకు చోటిస్తోంది. ఇలాంటివి మ్యాపు గీసినవాళ్లు కట్టించినవి కావు. దారి తెరుచుకుంది, మనుషులు తలుపులు తెరిచారు.

ఆఫ్టన్‌లో జూన్ కర్రీ ఆ ఒక్క వేసవితో ఆపలేదు. పక్కనున్న ఇంటిని బాటసారులు పడుకోవడానికి వదిలేసింది. 'బైక్ హౌస్' అనే ఆ ఇంటి గోడల నిండా, వచ్చి వెళ్లినవాళ్లు పంపిన కార్డులు, ఫొటోలే. అందరూ ఆమెను 'కుకీ లేడీ' అన్నారు. ఆమె గురించి చదివినప్పుడల్లా నాకు లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చేవాళ్లకు వేళ కాని వేళల్లోనూ అన్నం వండి పెట్టిన డొక్కా సీతమ్మగారు గుర్తొస్తారు. ఇద్దరూ ఒక్క కుదురు మనుషులే అని నా నమ్మకం.

బైక్‌సెంటెన్నియల్ సంస్థ ఇప్పుడు అడ్వెంచర్ సైక్లింగ్ అసోసియేషన్. దారిలో బాటసారులను ఆదుకునేవారికి అది జూన్ కర్రీ పేరు మీదే ఒక పురస్కారం ఇస్తూ వచ్చింది. ఆమె 2012 జూలైలో, 91 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

కెంటకీలోనో, కాన్సాస్‌లోనో, మిస్సోరీలోనో ఉంటున్న తెలుగువారికి ఒక మాట. ఈ వేసవిలో సంచులు కట్టిన సైకిలు మీ ఇంటి ముందు నుంచి వెళ్తుంటే, ఒక్కసారి పిలిచి మంచినీళ్లు కావాలేమో అడగండి.