ఇంటి లెక్కలో కనిపించని పేదరికం

ఒక ఇల్లు పేదదా కాదా అని సర్వేలు లెక్క కడతాయి. మరి ఆ ఇంట్లో ఎవరు ఎంత పేద? ఆ సంగతి లెక్కలోంచి ఎలా జారిపోయిందో ఈరోజు చూద్దాం.

ముందు దాదాభాయి నౌరోజీ దగ్గరికి వెళ్దాం. భారతదేశ పేదరికం మీద 1876లో ఆయన ఒక పత్రం చదివారు. మనిషికి ఏడాది ఆదాయం సుమారు 20 రూపాయలే అని తేల్చారు. అది ఎంత తక్కువో చూపించడానికి జైలు లెక్కలు తీశారు. మన కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడ తలసరి ఉత్పత్తి సుమారు 18 రూపాయలు. ఖైదీ తిండికీ బట్టకీ అయ్యే ఖర్చు సుమారు 53 రూపాయలు! తెల్లదొరల కాగితాలతోనే వాళ్లని నిలదీశారన్నమాట.

ఇక్కడొకటి గమనించండి. జైల్లో ఎవరి పళ్లెం వాళ్లదే, ఎవరి కొలత వాళ్లదే. ఇంట్లో అలా కాదు కదా!

1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. బియ్యానికెంత, పప్పుకెంత, బట్టలకెంత అని ఇంటింటికీ వెళ్లి అడుగుతారు. మొత్తం ఖర్చుని ఇంట్లో ఉన్నవాళ్ల సంఖ్యతో భాగిస్తారు. 1979లో నిపుణుల బృందం పల్లెలో మనిషికి రోజుకి 2400 కేలరీలు, పట్నంలో 2100 అని గీత గీసింది. 1973-74 ధరల్లో పల్లెకి అది నెలకి సుమారు 49 రూపాయలు. మనిషికి అన్నారు గానీ, పోల్చి చూసేది ఇంటి సగటునే. మామగారికి వడ్డించిన చేప ముక్క, అందరూ లేచాక కోడలు తిన్న చారన్నం ఒకే అంకెలో కలిసిపోతాయి.

మరి ఒంటినే కొలిస్తే? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రక్తం పరీక్షించింది. 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 25 శాతం మందికి రక్తహీనత. నెలసరి, కాన్పులు కూడా కారణాలే, తేడా అంతా పళ్లెంలోనే ఉందని నేను అనను. కానీ ఇంటి ఖర్చు లెక్క ఎంత చదివినా ఈ తేడా బయటపడదు.

పాత పద్ధతిని పారేయమని కాదు. ఇంటి ఖర్చు అడగడం తేలిక. నువ్వెంత తిన్నావమ్మా అని అత్తగారి ముందు అడిగితే కోడలు నిజం చెబుతుందా? కానీ రేషన్ కార్డు ఇంటికి ఇస్తారు, ఆకలి మనిషికి వేస్తుంది. అందుకే పేదరికం ఇంత శాతం అని ఫోన్‌లో వార్త కనిపిస్తే, కొలిచింది ఇంటినా, మనిషినా అని ఒక్కసారి చూడండి.