ఆరు వారాల ఊరు

1930లలో తూర్పు నుంచి వచ్చే రైలు రెనో స్టేషన్‌లో ఆగగానే, దిగినవాళ్లలో ఎవరు ఏ పని మీద వచ్చారో ఊరివాళ్లు ఇట్టే పోల్చుకునేవారు. తోడెవరూ లేకుండా, నెలన్నరకు సరిపడా సామానుతో ఓ ఆడమనిషి దిగిందంటే విడాకుల కోసమే వచ్చినట్టు. స్టేషన్ బయట లాయరు గుమాస్తానో, బసకు తీసుకెళ్లే మనిషో ఎదురుచూస్తూ ఉండేవారు.

రెనో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, సియెర్రా నెవాడా కొండలకు తూర్పున, ట్రకీ నది ఒడ్డున ఉంది. 1930 లెక్కల్లో దాని జనాభా 18,529. ఆ రోజుల్లో మన వైపు ఓ మోస్తరు తాలూకా కేంద్రమంత ఊరు. 1929 నుంచి 1939 వరకు అక్కడి వాషో కౌంటీ కోర్టులో 30 వేలకు పైగా జంటలకు విడాకులు మంజూరయ్యాయి. ఊళ్లో ఉన్న జనం కన్నా ఆ కోర్టులో విడిపోయిన జంటలే ఎక్కువ.

రెనో పేరెత్తితే చట్టం గురించీ, అక్కడికొచ్చిన సినీతారల గురించీ చెప్పడం మామూలే. కానీ ఆ చరిత్రలో మనసుకు హత్తుకునేది వేరే ఉంది. తీర్పు కోసం ఆగిన ఆరు వారాల్లో, అప్పటిదాకా ముక్కూ మొహమూ తెలియనివాళ్లు ఒకరికొకరు తోడైన తీరు అది. ఖజానా నింపుకోవడానికి చేసిన చట్టం, సంసారం చెడినవాళ్లకు తనకు తెలియకుండానే రెండు మేళ్లు చేసింది. కుదుటపడేందుకు వ్యవధినీ, అదే బాధలో ఉన్న మనుషుల సావాసాన్నీ కల్పించింది.

కొద్దికాలం ఉంటే చాలు స్థానికులుగా లెక్కించే వెసులుబాటు నెవాడాలో మొదట విడాకుల కోసం పుట్టలేదు. గనుల మీద బతికే రాష్ట్రం అది. వెండి ఉన్నంతకాలం ఉండి, అది అయిపోగానే మరో చోటికి కదిలిపోయే జనం. వాళ్లను ఏళ్ల తరబడి ఉంటేనే స్థానికులంటామంటే ఓటు వేసేవాడే మిగలడు. అందుకే ఆరు నెలలుంటే చాలన్నారు. అలా స్థానికులైనవాళ్లు అక్కడి కోర్టులో విడాకులూ అడగవచ్చు, మిగతా చోట్ల అది అంత సులువు కాదు. అప్పట్లో న్యూయార్క్‌లో వ్యభిచారం రుజువైతే తప్ప విడాకులు లేవు. దక్షిణ కరొలైనాలో 1949 దాకా అసలే లేవు. న్యూయార్క్‌లో పరస్పరం ఒప్పుకున్న దంపతులు సైతం హోటల్ గదిలో మరో స్త్రీతో భర్త ఉన్నట్టు దొంగ సాక్ష్యం సృష్టించాల్సి వచ్చేది. నెవాడాలోనేమో మానసిక క్రూరత్వం అన్న ఒక్క మాట సరిపోయేది. ఆ మాట కింద ఎంత పెద్ద గాయమైనా, ఎంత చిన్న విసుగైనా ఇమిడేది. జడ్జి ఆరా తీసేవాడు కాదు.

1906లో యు.ఎస్. స్టీల్ కంపెనీ అధ్యక్షుడు విలియం కోరీ భార్య లారా రెనోకు వచ్చి విడాకులు తీసుకుంది. ఆయన మనసు ఓ నటి మీదికి మళ్లింది. పత్రికలు ఆ కథను నెలల తరబడి అచ్చేశాయి. దాంతో ఎక్కడో ఎడారి అంచున ఉన్న ఊరి పేరు దేశమంతా పాకింది. నైతికత పేరుతో ఉద్యమించినవారి ఒత్తిడికి 1913లో శాసనసభ నివాస గడువును ఏడాదికి పెంచింది. లాయర్లు, హోటళ్లవాళ్లు, దుకాణదారులు గగ్గోలు పెట్టారు. రెండేళ్లు తిరక్కుండానే పాత ఆరు నెలలు తిరిగొచ్చాయి. 1927లో అవి మూడు నెలలయ్యాయి. ఆర్థికమాంద్యం ముంచుకొచ్చింది, ఇతర రాష్ట్రాలూ పోటీకి దిగుతున్నాయి. 1931 మార్చి 19న గవర్నర్ ఫ్రెడ్ బాల్జర్ రెండు బిల్లుల మీద సంతకం చేశాడు. ఒకటి జూదాన్ని చట్టబద్ధం చేసింది, రెండోది విడాకుల గడువును ఆరు వారాలకు దించింది.

ఆ ఆరు వారాలు ఒక్క రోజు కూడా రాష్ట్రం దాటకూడదు. దాటలేదని చెప్పే సాక్షి కావాలి. సాధారణంగా బస ఇచ్చిన ఇల్లాలే సాక్షి. ఫలానా తేదీ నుంచి ఈమెను రోజూ నా కళ్లతో చూశానని ఆమె కోర్టులో ప్రమాణం చేసేది. ఆ తర్వాత కక్షిదారు, తాను నెవాడాలోనే స్థిరపడదలచుకున్నానని ప్రమాణం చేసేది. తిరుగు ప్రయాణానికి అప్పటికే ఏర్పాట్లు చేసుకున్నవాళ్లూ ఆ మాటే చెప్పేవారు. ఈ అబద్ధం జడ్జికి తెలుసు, లాయరుకు తెలుసు. కొద్ది నిమిషాల్లో కేసు ముగిసేది.

అయితే ఆ కొద్ది నిమిషాలకు ముందు నలభై రెండు రోజులు గడవాలి. అవెలా గడిచేవన్నదే అసలు కథ.

డబ్బున్నవాళ్లు రివర్‌సైడ్ హోటల్లో దిగేవారు. 1927లో జార్జ్ వింగ్‌ఫీల్డ్ కట్టించిన ఈ హోటల్ సరిగ్గా కోర్టు పక్కనే ఉండేది. రెండు భవనాలకూ నమూనా గీసింది ఫ్రెడరిక్ డిలాంగ్‌చాంప్స్ అనే ఒకే వాస్తుశిల్పి. మధ్యతరగతి వాళ్లు ఊళ్లోని ఇళ్లలో అద్దె గదులు చూసుకునేవారు. ఎంతోమంది గృహిణులు తమ ఇంట్లో ఓ గది ఖాళీ చేసి, దాని అద్దెతో మాంద్యం రోజులు నెట్టుకొచ్చారు. ఊరికి దూరంగా పశువుల రాంచ్‌లు ఉండేవి. పశువుల మీద గిట్టుబాటు కాక, వాటిలో కొన్ని విడాకుల అతిథులకు బస ఇవ్వడం మొదలుపెట్టాయి. పిరమిడ్ లేక్ రాంచ్, వాషో పైన్స్, వాషో లోయలో ఎమీ వుడ్ నడిపిన ఫ్లయింగ్ ఎం.ఇ. వాటిలో పేరుపడ్డవి.

ఫ్లయింగ్ ఎం.ఇ.లో 1940ల చివర గుర్రాల పని చూసిన విలియం మెక్‌గీ, ఆ రోజుల గురించి 2004లో ఫోటోలతో ఓ పెద్ద పుస్తకం తెచ్చాడు. అతిథులను గుర్రాల మీద తిప్పడం, ఊళ్లోకి తీసుకెళ్లడం, సాయంత్రాలు పాత గనుల పట్టణం వర్జీనియా సిటీకి కారులో చేర్చడం, లాయరు కబురు పెట్టిన రోజు కోర్టు దగ్గర దింపడం అతని ఉద్యోగం. రాత్రి భోజనం అందరికీ ఒకే బల్ల మీద. నిన్న వచ్చినామె పక్కన రేపు వెళ్లిపోయేది కూర్చునేది. ఒకామె కన్నీళ్లు ఆరలేదు, ఇంకొకామె పాట అందుకుంది. ఎవరూ ఎవరికీ వివరణ ఇచ్చుకోనక్కర్లేదు. సొంతూళ్లో చుట్టాల చూపులు, ఇరుగుపొరుగు గుసగుసలు, కన్నవాళ్ల మౌనం మోసి వచ్చినవాళ్లకు, ఇక్కడ తమ సంగతే అందరి సంగతీ కావడం ఎంత ఊరటో ఊహించుకోవచ్చు. మన ఇళ్లలో పుట్టింటికి తిరిగొచ్చిన ఆడపిల్ల అందరి ప్రశ్నలకూ జవాబు చెప్పలేక వంటింటికే పరిమితమైపోవడం ఎరిగినవాళ్లకు ఆ బల్ల విలువ వేరే చెప్పనక్కర్లేదు.

మగవాళ్లూ వచ్చేవారు, వాళ్ల సంఖ్య తక్కువ. 1956 వసంతంలో పిరమిడ్ సరస్సు దగ్గర ఇద్దరు రచయితలు పక్కపక్క కుటీరాల్లో గడువు కోసం ఎదురుచూశారు. ఒకరు ఆర్థర్ మిల్లర్, మరొకరు సాల్ బెలో. ఒకరు అప్పటికే పేరుమోసిన నాటకకర్త, ఇంకొకరు రెండు దశాబ్దాల తర్వాత నోబెల్ అందుకోబోయే నవలాకారుడు. కుటీరాలకు దూరంగా కొండ వెనక్కి వెళ్లి బెలో అప్పుడప్పుడూ గొంతెత్తి అరిచి వచ్చేవాడని మిల్లర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ అరుపును ఎగతాళి చెయ్యని స్నేహితుడు పక్కనే ఉండటం బెలో అదృష్టం. మిల్లర్ అక్కడ అడవి గుర్రాలను వేటాడే కౌబాయ్‌లతో తిరిగాడు. ఆ తిరుగుడు నుంచే 'ది మిస్‌ఫిట్స్' కథ పుట్టింది.

తీర్పు రోజున జరిగే సంబరం గురించి చెప్పాలి. కోర్టు మెట్లు దిగుతూ, స్తంభాలను ముద్దాడటం ఓ ఆనవాయితీ అన్నారు. లిప్‌స్టిక్ మరకల స్తంభాలతో ఫోటోలు దిగేవారు. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే ట్రకీ మీద వర్జీనియా వీధి వంతెన. 1905లో కట్టిన కాంక్రీటు వంతెన. దాని మీద నిలబడి పెళ్లి ఉంగరాన్ని నీళ్లలోకి విసిరెయ్యాలి. ఈ ఆచారాన్ని పత్రికలవాళ్లే పుట్టించారనే వాదన ఒకటుంది. 1929లో కార్నీలియస్ వాండర్‌బిల్ట్ జూనియర్ రాసిన 'రెనో' నవలలో ఇది కనిపిస్తుంది. ఫోటోల కోసం చవకరకం ఉంగరాలు విసిరినవాళ్లూ ఉన్నారు. నదిలో నిజం ఉంగరాలూ దొరికాయి. మొదట ఎవరు పుట్టించినా, తర్వాత వచ్చినవాళ్లు దాన్ని తమదిగా చేసుకున్నారు. పెళ్లికి మంత్రాలున్నాయి, మేళం ఉంది, అక్షతలు ఉన్నాయి. పెళ్లి ముగింపుకు చాలా సమాజాలు అలాంటి క్రతువు రాసిపెట్టలేదు. రెనోలో ఆరు వారాలు కలిసి బతికిన స్నేహితులు ఆ లోటును తమకు చేతనైనట్టు పూడ్చుకున్నారు. రివర్‌సైడ్ బార్‌లో గ్లాసులు తగిలించుకుని, వంతెన దాకా వెంట నడిచి, రైలెక్కించి వచ్చారు.

ఈ సావాసాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది క్లేర్ బూత్. 1929లో స్వయంగా రెనోలో విడాకులు తీసుకున్న ఆమె రాసిన 'ది విమెన్' నాటకం 1936 డిసెంబర్ 26న బ్రాడ్‌వేలో మొదలైంది. అందులో ఒక్క మగపాత్ర కూడా లేదు. 1939లో జార్జ్ క్యూకర్ దాన్ని సినిమాగా తీశాడు. మిల్లర్ కథ 1961లో జాన్ హ్యూస్టన్ దర్శకత్వంలో తెరకెక్కింది. మెరిలిన్ మన్రో పాత్ర కోర్టు నుంచి రాగానే, బస ఇచ్చిన ఇసబెల్ ఆమెను వంతెన దగ్గరకు నడిపించి, ఉంగరం పారెయ్యమంటుంది. కోర్టులో సాక్షిగా నిలబడే మనిషే ఆ తర్వాత స్నేహితురాలై పక్కన నిలబడటం రెనో మొత్తాన్నీ ఒక్క సన్నివేశంలో చూపిస్తుంది. మన్రోను పెళ్లాడటానికే మిల్లర్ 1956లో నెవాడా వచ్చాడు. ఆ సినిమా విడుదలయ్యేనాటికి వాళ్లిద్దరూ మెక్సికోలో విడాకులు తీసుకున్నారు.

ఈ కథలో అందరికీ చోటు దొరకలేదు. రెనో హోటళ్లు, రాంచ్‌లు తెల్లవాళ్లవి. నల్లజాతి వాళ్లు విడాకులకు వస్తే వేరే చోట బస వెతుక్కోవాల్సిందే. డబ్బు లేనివాళ్లు ఆ ఆరు వారాలూ హోటళ్లలో వడ్డించో, జూదశాలల్లో పనిచేసో గడిపారు. పిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్లకు గుర్రపు స్వారీలు ఎక్కడివి?

అసలు రానివాళ్ల మాట అంతకన్నా పెద్దది. రెనోలో ముగిసిన ప్రతి పెళ్లిలోనూ ఇంకొకరున్నారు, వేల మైళ్ల దూరంలో. ఉత్తర కరొలైనాకు చెందిన ఓ స్త్రీ, ఓ పురుషుడు 1940లో తమ తమ సంసారాలు వదిలి నెవాడాకే చెందిన లాస్ వేగస్ చేరి, ఆరు వారాలుండి విడాకులు తీసుకుని, ఒకరినొకరు పెళ్లాడి వెనక్కొచ్చారు. సొంత రాష్ట్రం వాళ్లపై కేసు పెట్టింది. అది రెండుసార్లు అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1942లో నెవాడా తీర్పును మిగతా రాష్ట్రాలు గౌరవించాలన్న కోర్టు, 1945లో నిజంగా అక్కడ స్థిరపడ్డారా లేదా అని సొంత రాష్ట్రం ఆరా తియ్యవచ్చంది.

అదే ప్రశ్న మన దగ్గరకూ వచ్చింది. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఓ తెలుగు జంట కేసులో, భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో 90 రోజుల నివాసం చూపించి విడాకుల డిక్రీ తెచ్చుకుని, యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. తిరుపతిలో భార్య ఫిర్యాదు చేసింది. 1991లో భారత సుప్రీంకోర్టు ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం గుర్తించే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం ఉండాలని సూత్రీకరించింది. విదేశీ విడాకుల కేసుల్లో నేటికీ లాయర్లు ఉదహరించే తీర్పు అది. దూరాన వెలువడే డిక్రీ ఇవతలి మనిషికి వ్యవధీ ఇవ్వదు, తోడూ ఇవ్వదు. తిరుపతి కోర్టు మెట్లెక్కిన ఆ ఇల్లాలి పోరాటాన్ని పక్కనపెట్టి రెనో సంబరాల గురించి మాట్లాడటం న్యాయం కాదు.

1967లో న్యూయార్క్ కొత్త విడాకుల చట్టం అమల్లోకి వచ్చింది. 1970 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఎవరి తప్పూ రుజువు చెయ్యకుండానే విడాకులు దొరికాయి. మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటే అదే దారి పట్టాయి. ఇంటి దగ్గరే పని జరుగుతుంటే ఎడారికి ఎవరొస్తారు? రాంచ్‌లు మూతపడ్డాయి. 'ది మిస్‌ఫిట్స్' బృందం బస చేసిన మేప్స్ హోటల్‌ను 2000లో కూల్చేశారు. రివర్‌సైడ్ గదులు కళాకారుల ఇళ్లయ్యాయి. వరదలకు అడ్డుపడుతోందని 2015లో పాత వంతెననూ తొలగించి, మరుసటి ఏడు కొత్తది తెరిచారు.

ఆరు వారాల నిబంధన మాత్రం నెవాడా చట్టంలో ఇప్పటికీ ఉంది. నివాసం ధ్రువీకరించే సాక్షి కూడా కావాలి. వివాదం లేని కేసుల్లో ఆ సాక్షి అఫిడవిట్ మీద సంతకం పెడితే చాలు, కోర్టు దాకా వెంట రానక్కర్లేదు.