మందు వాడిన పశువు పాలు ఎప్పటి నుంచి కేంద్రంలో పోయాలి? పాడి రైతులు తెలుసుకోవాల్సిన నియమాలు

పొదుగువాపు వచ్చిన గేదెకు మూడు రోజులు ఇంజక్షన్లు వేయించారు. నాలుగో రోజుకు వాపు దిగింది, పాలలో గడ్డలు కూడా లేవు. ఆ పాలు కేంద్రంలో పోయవచ్చా? చాలామంది రైతులు పోసేస్తారు. పాలు చూడటానికి బాగానే ఉంటాయి, వెన్న శాతమూ మామూలుగానే వస్తుంది. కానీ పశువుకు నయం కావడం వేరు, పాలలో మందు పోవడం వేరు. వాపు తగ్గిన తర్వాత కూడా మందు కొన్ని రోజులు పాలలో దిగుతూనే ఉంటుంది. ఈ విషయంలో ప్రభుత్వ నియమాలు ఏమిటో, కొట్టం దగ్గర మీరు ఏం చేయాలో తెలుసుకోండి.

పాలలో మందు ఉంటే నష్టం ఏమిటి?

యాంటీబయాటిక్ అవశేషాలు కాచినంత మాత్రాన పోవు. పెన్సిలిన్ పడని వారికి అలాంటి పాలు తాగితే దద్దుర్లు, ఒక్కోసారి ప్రాణాపాయం కూడా రావచ్చు. కొద్దికొద్దిగా రోజూ ఒంట్లోకి వెళ్లే మందు వల్ల సూక్ష్మక్రిములు ఆ మందుకు అలవాటు పడతాయి. రేపు ఇంట్లో పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు అదే మందు పనిచేయకపోవచ్చు. ఆ పాలు ముందుగా తాగేది మీ ఇంటివారే అని మరచిపోకండి.

డెయిరీకి కూడా నష్టమే. తోడు వేస్తే పెరుగు సరిగా తోడుకోదు, ఎందుకంటే తోడులోని మేలుచేసే క్రిములను మందు పెరగనివ్వదు. అయితే పెరుగు తోడుకుంది కాబట్టి పాలలో మందు లేదని అనుకోకూడదు. కొద్ది మోతాదు ఉన్నా తోడుకుంటుంది.

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. వాటిలో ప్రమాదకరమైన కల్తీ దొరికినవి 12 మాత్రమే. పరిమితికి మించి యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నవి 77. పరిమితికి మించి ఆఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉన్నవి 368. అంటే కల్తీ కన్నా, కొట్టంలో తెలియక జరిగే పొరపాట్ల వల్ల పాడైన పాలే ఎక్కువ.

చట్టం రైతును పట్టుకుంటుందా?

2006 ఆహార భద్రతా చట్టం 18వ సెక్షన్ ప్రకారం, పొలం, కొట్టం స్థాయిలో రైతు చేసే సేద్యానికి, పశుపోషణకు ఆ చట్టం వర్తించదు. ఈ మాట విని కొందరు మనకేమీ బాధ్యత లేదనుకుంటారు. అది సరికాదు. పాలు మీ చేతి నుంచి కేంద్రానికి, డెయిరీకి వెళ్లగానే చట్టం మొదలవుతుంది. డెయిరీ ట్యాంకరులో మందు అవశేషం తేలితే వాళ్లు ఏ బల్క్ కూలర్ నుంచి, ఏ కేంద్రం నుంచి వచ్చిందో వెనక్కి వెతుకుతారు. ఒక్క గేదె పాలతో ఊరందరి పాలు వెనక్కి రావచ్చు. ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ చూసే మిషన్‌లో మందు కనబడదు. దానికి వేరే స్ట్రిప్ పరీక్ష ఉంటుంది. కేంద్రంలో తీసుకున్నారు కాబట్టి పాలు మంచివేనని అనుకోవద్దు.

రిజిస్టరైన పాల సహకార సంఘంలో సభ్యులై, పాలన్నీ సంఘానికే పోసే రైతుకు ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. మీరు ఇంటింటికీ పాలు అమ్ముతున్నా, నెయ్యి, పనీర్, కోవా చేసి అమ్ముతున్నా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చిన్న వ్యాపారానికి పూర్తి లైసెన్స్ అక్కర్లేదు.

అలా అమ్మేవారి దగ్గర ఆహార భద్రతా అధికారి నమూనా తీసుకుంటే కంగారు పడకండి. నమూనాకు అమ్మకం ధర చెల్లించాలి. దాన్ని నాలుగు భాగాలు చేసి మీ ఎదుటే సీలు వేయాలి. ఒక భాగాన్ని గుర్తింపు పొందిన ల్యాబుకు కూడా పంపమని అక్కడికక్కడే మీరు కోరవచ్చు, దాని ఖర్చు మీదే. నివేదిక మీకు వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు.

విరామ కాలం అంటే ఏమిటి?

ఆఖరి మోతాదు మందు వేసినప్పటి నుంచి పాలు, మాంసం, గుడ్లు వాడకుండా ఆగాల్సిన రోజులను విరామ కాలం అంటాం. మందు సీసా లేదా పెట్టె మీద ‘విత్‌డ్రాయల్ పీరియడ్’ అని రాసి ఉంటుంది. ఆహారం కోసం పెంచే పశువుల మందుల మీద ఇది తప్పనిసరిగా ఉండాలని 2012లో ఔషధ నియమాలను సవరించారు. ఆ పశువుకు తగిన గడువు లేబుల్ మీద లేకపోతే కనీసం ఇన్ని రోజులు ఆగాలి:

- పాలు, గుడ్లు: 7 రోజులు
- పశువులు, గొర్రెలు, మేకలు, కోళ్ల మాంసం: 28 రోజులు
- చేపలు: 500 డిగ్రీ రోజులు. చెరువు నీటి ఉష్ణోగ్రతను రోజులతో హెచ్చవేస్తే 500 రావాలి. నీరు 25 డిగ్రీలు ఉంటే 20 రోజులు ఆగాలి.

గొర్రెలకు, మేకలకు మందు వేసిన వారంలోనే కటికవారికి అమ్మేయడం చాలాచోట్ల చూస్తుంటాం. 28 రోజుల లెక్క అక్కడా వర్తిస్తుంది.

లెక్క ఎలా వేయాలి?

ఎక్కువ మంది చేసే పొరపాటు మొదటి ఇంజక్షన్ నుంచి లెక్కపెట్టడం. ఎప్పుడూ ఆఖరి మోతాదు నుంచే లెక్కపెట్టాలి. సోమ, మంగళ, బుధవారాలు ఉదయం 6 గంటలకు మందు వేశారనుకుందాం. లేబుల్ మీద పాలకు 4 రోజులని ఉంది. బుధవారం ఉదయం 6 నుంచి నాలుగు రోజులంటే ఆదివారం ఉదయం 6 గంటలు. ఆదివారం సాయంత్రం పాలు కేంద్రంలో పోయవచ్చు.

మరికొన్ని విషయాలు గుర్తుంచుకోండి:

- రెండు మందులు వాడితే ఎక్కువ రోజులున్న మందు గడువు పాటించాలి.
- ఒక్క చన్నులోకే ట్యూబు ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ పక్కన పెట్టాలి. మందు రక్తంలో కలిసి మిగతా చన్నుల్లోకీ వస్తుంది.
- లేబుల్‌లో ఉన్నదాని కన్నా మోతాదు పెంచినా, ఎక్కువ రోజులు వాడినా ఆ గడువు చాలదు. డాక్టరును అడిగి రోజులు రాయించుకోండి.
- వట్టిపోయే ముందు పొదుగులో ఎక్కించే ట్యూబుల మందు చాలాకాలం నిలుస్తుంది. పశువు ముందుగా ఈనితే డాక్టరుకు తప్పక చెప్పండి.
- ఆ పాలు దూడకు కూడా తాగించవద్దు. చెరువుకు, బావికి దూరంగా గుంట తీసి పారబోయండి.
- చికిత్సలో ఉన్న పశువు పాలు చివరన పిండండి. మందు పాలు పట్టిన గిన్నెను వేరుగా కడగండి.

గాలికుంటు టీకా వేశాక ఒకటి రెండు రోజులు పాలు కాస్త తగ్గవచ్చు. ఆ పాలు కాచి వాడుకోవచ్చు, పోయవచ్చు. దీనికి భయపడి టీకా మానేయవద్దు.

నష్టం తగ్గించుకోవడం ఎలా?

నాలుగు రోజుల పాలు పారబోయడం చిన్న రైతుకు తేలిక కాదు. పూటకు 3 లీటర్లిచ్చే గేదె అయితే 24 లీటర్లు పోతాయి. అందుకే చికిత్స మొదలుపెట్టే ముందే డాక్టరును అడగండి: ‘ఈ జబ్బుకు పనిచేసే మందుల్లో పాలకు తక్కువ గడువున్నది ఏది?’ చాలా జబ్బులకు ఒకటికన్నా ఎక్కువ మందులుంటాయి. మీరు అడిగితేనే ఆ ఆలోచన వస్తుంది.

అసలు పొదుగువాపు రాకుండా చూసుకోవడం అన్నిటికన్నా లాభం. పాలు పిండే ముందు చేతులు, పొదుగు కడిగి శుభ్రమైన గుడ్డతో తుడవండి. మొదటి రెండు ధారలు నల్లటి గిన్నెలో పట్టి గడ్డలున్నాయేమో చూడండి. పిండడం అయ్యాక చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచండి. వెంటనే గడ్డి వేస్తే పశువు అరగంట నిలబడే ఉంటుంది. ఆ లోపు చన్ను రంధ్రం మూసుకుంటుంది.

వాడకూడని మందులు

- కొలిస్టిన్: పశువులు, కోళ్లు, చేపలు, వాటి దాణాల్లో వాడకాన్ని 2019లో నిషేధించారు.
- డైక్లోఫెనాక్: పశువులకు 2006లో, కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023లో నిషేధించారు. ఈ మందు ఎక్కిన పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందులు చనిపోయాయి. నొప్పికి, జ్వరానికి మెలాక్సికామ్ ఉంది. డాక్టరు సలహాతో వాడండి.
- క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్: చేపలు, రొయ్యలతో సహా ఆహారం కోసం పెంచే ఏ జీవికీ వాడకూడదు. వీటి అవశేషాల వల్ల రొయ్యల సరుకు విదేశాల నుంచి తిరిగివచ్చిన సందర్భాలు ఉన్నాయి.
- పాలు చేపడానికి వేసే ఆక్సిటోసిన్ ఇంజక్షన్: పశువు ఆరోగ్యానికి హాని చేసేలా పాల కోసం ఇంజక్షన్లు వేయడం జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం. జైలు శిక్ష పడవచ్చు, పశువును స్వాధీనం చేసుకోవచ్చు.

సంతలో, కిరాణాలో చీటీ లేకుండా అమ్మే లేబుల్ లేని సీసాలు కొనవద్దు. లేబుల్ లేకపోతే గడువూ తెలియదు, మందు ఏమిటో కూడా తెలియదు.

దాణా బూజు కూడా పాలలోకి వస్తుంది

బూజు పట్టిన వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క, మొక్కజొన్నలో ఆఫ్లాటాక్సిన్ ఉంటుంది. పశువు తిన్న ఒక రోజులోపే అది పాలలో కనబడుతుంది. కాచినా పోదు. కిలో పాలలో 0.5 మైక్రోగ్రాముకు మించి ఉండకూడదని ప్రమాణం. మంచి విషయం ఏమిటంటే ఆ దాణా మానేస్తే కొద్ది రోజుల్లోనే పాలు బాగుపడతాయి. చెక్క బస్తాలు నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు ఎడంగా పెట్టండి. వానాకాలంలో పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొనండి. బూజు పట్టింది ఎండబెట్టి పెడితే సరిపోదు, విషం అలాగే ఉంటుంది. పారేయడమే మంచిది.

వెంటనే తెలియజేయాల్సిన జబ్బులు

2009 పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం, జాబితాలో ఉన్న వ్యాధి వచ్చిందని అనుమానం కలిగితే యజమాని గ్రామ అధికారికి గానీ, పంచాయతీకి గానీ చెప్పాలి. వారు పశువైద్యుడికి తెలియజేస్తారు. మీరే నేరుగా పశువైద్యశాలకు చెబితే ఇంకా త్వరగా పని అవుతుంది.

పశువు హఠాత్తుగా చచ్చి ముక్కు, ఆసనం నుంచి నల్లటి రక్తం కారితే దొమ్మ వ్యాధి కావచ్చు. కళేబరాన్ని కోయవద్దు, తోలు తీయవద్దు, మాంసం పంచవద్దు. లోతైన గుంటలో సున్నం వేసి పాతిపెట్టాలి. చూడి పశువు ఆరో నెల తర్వాత ఈసుకుపోతే బ్రూసెల్లోసిస్ అని అనుమానించాలి. మాయను వట్టి చేతులతో ముట్టుకోవద్దు. పచ్చి పాలు ఎవరూ తాగకూడదు. ఈ జబ్బు రాకుండా 4 నుంచి 8 నెలల పెయ్య దూడలకు ఒక్కసారి టీకా వేయిస్తే చాలు. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గాలికుంటు, బ్రూసెల్లా టీకాలు ఉచితం.

కొట్టంలో ఒక నోటుబుక్కు

ఒక చిన్న పుస్తకాన్ని పురికొసతో కట్టి పాల గిన్నెలు పెట్టే చోటే వేలాడదీయండి. అందులో ఇవి రాయండి:

1. పశువు చెవి పోగు మీది 12 అంకెల సంఖ్య, పేరు
2. మందు పేరు, బ్యాచ్ నంబరు
3. ఎవరు వేశారు
4. ఆఖరి మోతాదు తేదీ, సమయం
5. విరామ కాలం ఎన్ని రోజులు
6. పాలు తిరిగి పోసే తేదీ, పూట

ఆరో వరుస అన్నిటికన్నా ముఖ్యం. పాలు పిండేది మీరైనా, మీ ఇంట్లోవారైనా, జీతగాడైనా ఆ తేదీ చూసే పోస్తారు. చికిత్సలో ఉన్న పశువు కాలికి ఎర్ర గుడ్డ కడితే చదువురాని వారికీ తెలుస్తుంది. ఎప్పుడైనా మీ పాల మీద అనుమానం వచ్చినా ఈ పుస్తకమే మీ తరఫున సాక్ష్యం.

సందేహం ఉంటే మీ గ్రామ పశు సంవర్ధక సహాయకుణ్ణి, గోపాలమిత్రను గానీ, దగ్గరలోని పశువైద్యశాలను గానీ అడగండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. డాక్టరు వచ్చి వెళ్లేటప్పుడు ఒక్క ప్రశ్న మాత్రం మరవకండి: ‘పాలు ఏ రోజు నుంచి పోయమంటారు?’ జవాబును చీటీ మీద రాయించుకోండి.