క్లాసిక్ కార్ల వెనుక సస్పెన్షన్ ఎంపిక

పాత కారును పునర్నిర్మించేటప్పుడు కర్మాగారంలో బిగించిన వెనుక సస్పెన్షన్‌ను తీసివేసి, వేరే సంస్థలు విడిగా తయారుచేసి అమ్మే సస్పెన్షన్‌ను అమర్చడం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బాగా వ్యాప్తిలో ఉన్న పద్ధతి. ఇటువంటి భాగాలను ఆఫ్టర్‌మార్కెట్ భాగాలు అని అంటారు. 1960, 1970 దశకాలకు చెందిన షెవ్రోలే కెమారో, షెవెల్, ఫోర్డ్ మస్టాంగ్ వంటి కార్లలో ఈ మార్పు తరచుగా జరుగుతుంది. ఆనాటి ఇంజనుకు, ఆనాటి సన్నని టైర్లకు సరిపోయేలా రూపొందించిన అమరిక, నేటి శక్తివంతమైన ఇంజనునూ వెడల్పు టైర్లనూ భరించలేకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. ఈ వ్యాసంలో ప్రధానంగా 1967-69 నాటి మొదటి తరం కెమారోను ఉదాహరణగా తీసుకోవడమైనది.

వెనుక ఇరుసుపై పనిచేసే బలాలు

సస్పెన్షన్ అనగానే సాధారణంగా గతుకుల రోడ్డుపై కుదుపులు తగ్గించే ఏర్పాటుగా భావిస్తారు. ఇది దాని పనులలో ఒకటి మాత్రమే. వెనుక చక్రాలతో నడిచే కారులో ఇరుసు ముందుకు వెనుకకు జరగకుండా, పక్కలకు కదలకుండా, తన చుట్టూ తాను తిరగకుండా ఆపవలసినది కూడా సస్పెన్షనే. ఈ మూడింటిలో చివరిది తక్కువగా అర్థమయ్యే విషయం, ఎక్కువగా ఇబ్బంది పెట్టే విషయం.

ఉదాహరణకు 400 న్యూటన్ మీటర్ల టార్కు ఇచ్చే ఇంజను, 2.5 నిష్పత్తి గల మొదటి గేరు, 3.73 నిష్పత్తి గల డిఫరెన్షియల్ ఉన్న కారును తీసుకుందాం. నష్టాలను లెక్కలోకి తీసుకోకపోతే చక్రాల వద్దకు 3,730 న్యూటన్ మీటర్ల టార్కు చేరుతుంది. చక్రాలు ముందుకు ఎంత బలంగా తిరుగుతాయో, ఇరుసు గొట్టం అంతే బలంగా వెనుకకు తిరగాలని చూస్తుంది. అప్పుడు డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తుంది. ఈ బలాన్ని ఏ భాగం, కారు అడుగున ఏ చోట భరిస్తుంది అన్న ప్రశ్నకు ఇచ్చే జవాబులే వివిధ రకాల సస్పెన్షన్‌లు.

కమాను కట్టలు

మొదటి తరం కెమారో, మస్టాంగ్ కార్ల వెనుక భాగంలో లీఫ్ స్ప్రింగులు ఉంటాయి. మన లారీ మెకానిక్కులు కమాను కట్టలు అని పిలిచేవి ఇవే. అంబాసిడర్ కారు వెనుక భాగంలో ఉన్నవి కూడా ఈ జాతివే. వీటి గొప్పతనం ఏమనగా పైన చెప్పిన పనులన్నిటినీ ఒకే ఉక్కు పట్టీ చేస్తుంది. లోపం కూడా అదే. ఇరుసు తిరగబోయినప్పుడు పట్టీ మెలి తిరిగి ఆంగ్ల అక్షరం ఎస్ ఆకారంలోకి వంగుతుంది. టైరు పట్టు జారగానే అది ఒక్కసారిగా విదిలించుకుంటుంది, మళ్ళీ పట్టు దొరికితే మళ్ళీ వంగుతుంది. ఈ వరుస దెబ్బలనే వీల్ హాప్ అంటారు. కారు వెనుక భాగం గుర్రం తన్నినట్లు ఎగరడమే కాక, యూనివర్సల్ జాయింట్లు, ఇరుసు కడ్డీలు విరిగే ప్రమాదం కూడా కలదు.

1967 కెమారోలో ఒక్కొక్క వైపు ఒకే పట్టీ గల స్ప్రింగు ఉండేది. శక్తివంతమైన ఇంజన్లతో ఇది వీల్ హాప్‌కు పేరుపడింది. 1968లో షెవ్రోలే సంస్థ ఒక షాక్ అబ్జార్బరును ఇరుసుకు ముందు, రెండవదానిని ఇరుసుకు వెనుక అమర్చి, శక్తివంతమైన నమూనాలకు అనేక పట్టీల స్ప్రింగులను ఇచ్చింది. క్రైస్లర్ సంస్థ తన కార్లలో మరొక మార్గం అనుసరించింది. స్ప్రింగు మధ్యలో కాక ముందు కొసకు దగ్గరగా ఇరుసును బిగించడం వలన ముందు భాగం పొట్టిగా, బిగువుగా ఉండి మెలిని తట్టుకునేది.

పాత అమరికను తీసివేయకుండానే ఇరుసు నుండి ముందుకు సాగే ట్రాక్షన్ బార్లను బిగించడం చవకైన పరిష్కారం. మంచి అనేక పట్టీల స్ప్రింగులు, కొత్త బుష్‌లు, నాణ్యమైన షాక్ అబ్జార్బర్లు వేసిన కారు సాధారణ రోడ్డు ప్రయాణానికి చక్కగా సరిపోతుంది. ఖరీదైన కిట్లు కొనేవారిలో చాలామందికి నిజానికి కావలసినది ఇంతే. నలభై ఏళ్ళ నాటి ఎండిపోయిన రబ్బరు బుష్‌ల దోషాన్ని స్ప్రింగుల మీదకు నెట్టడం తరచుగా జరిగే పొరపాటు.

లింకుల అమరికలు

స్ప్రింగుకు బరువు మోసే పని మాత్రమే మిగిల్చి, ఇరుసును పట్టి ఉంచే పనిని విడి కడ్డీలకు అప్పగించేవి లింకు సస్పెన్షన్‌లు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1964-72 షెవెల్ కారులో కర్మాగారం నుండే నాలుగు లింకులు, కాయిల్ స్ప్రింగులు ఉండేవి. అందులో పై లింకులు రెండూ ఏటవాలుగా ఉండి ఇరుసు పక్కకు జరగకుండా ఆపుతాయి. కనుక షెవెల్ యజమాని లింకులను, బుష్‌లను మార్చుకుంటే సరిపోతుంది, కెమారో యజమాని మాత్రం మొత్తం అమరికనే మార్చవలసి ఉంటుంది.

నాలుగు లింకులూ సమాంతరంగా ఉన్నప్పుడు పక్క కదలికను ఆపేందుకు ఐదవ కడ్డీ కావాలి. దీనినే పాన్‌హార్డ్ రాడ్ అంటారు. దీని ఒక కొస ఇరుసుకు, మరొక కొస కారు చట్రానికి ఉంటుంది. ఇరుసు పైకి క్రిందికి కదిలినప్పుడు ఇది వృత్తఖండంలో తిరుగుతుంది కనుక ఇరుసు కొద్దిగా పక్కకు కూడా జరుగుతుంది. 900 మి.మీ. పొడవు గల కడ్డీ సమతలంగా ఉన్న స్థితి నుండి ఇరుసు 75 మి.మీ. లేస్తే పక్క కదలిక సుమారు 3 మి.మీ. మాత్రమే. కడ్డీ పొడవు 450 మి.మీ. అయితే అది 6 మి.మీ. దాటుతుంది. అందుకే పాన్‌హార్డ్ రాడ్ వీలైనంత పొడవుగా, కారు నిలిచి ఉన్నప్పుడు నేలకు సమాంతరంగా ఉండాలి. ఈ స్వల్ప కదలికను కూడా దాదాపుగా తొలగించేది వాట్స్ లింకేజి. జేమ్స్ వాట్ 1784లో ఆవిరి యంత్రం కోసం పేటెంటు పొందిన సరళరేఖా చలన సూత్రమే దీనికి ఆధారం. కాని ఇది సైలెన్సరు గొట్టాలకు, పెట్రోలు ట్యాంకుకు దక్కవలసిన చోటును ఆక్రమిస్తుంది.

సమాంతర నాలుగు లింకుల అమరికకు మరొక చిక్కు కలదు. మలుపులో కారు ఒక పక్కకు ఒరిగినప్పుడు లింకుల కొసలు మెలి తిరగాలి. గట్టి పాలీయురేథేన్ బుష్‌లు ఈ మెలికకు లొంగవు, దానితో సస్పెన్షన్ బిగదీసుకుపోయి టైరు హఠాత్తుగా పట్టు వదులుతుంది. గోళాకార కీళ్ళు వాడితే బిగింపు పోతుంది గాని శబ్దం, అరుగుదల పెరుగుతాయి. కిట్ కొనేవారు లింకు మందం కన్నా ముందు ఈ కొసల నిర్మాణాన్ని చూడాలి. మధ్యలో ఒకే పై లింకు ఉండే మూడు లింకుల పద్ధతిలో ఈ బిగింపు చాలా తక్కువ. ఫోర్డ్ సంస్థ 2005-14 మస్టాంగ్‌లో పాన్‌హార్డ్ రాడ్‌తో పాటు దీనినే వాడింది. అయితే పాత కారులో ఆ పై లింకుకు చోటు కల్పించాలంటే వెనుక సీటు క్రింద నేలను కోయవలసి వస్తుంది.

టార్క్ ఆర్మ్ పద్ధతిలో ఇరుసుకు గట్టిగా బిగించిన పొడవాటి చేయి గేరుబాక్సు వరకు సాగుతుంది. ఇది 1982 నుండి 2002 వరకు కెమారోలో కర్మాగార అమరికగా ఉండినది. ట్రక్ ఆర్మ్ పద్ధతి 1960లో షెవ్రోలే పికప్ ట్రక్కులలో వచ్చింది. ఇందులోని రెండు పొడవాటి చేతులు కొద్దిగా మెలి తిరగగలగడం వలన మలుపులలో బిగదీసుకోవు. నాస్కార్ పందెపు కార్లు 2021 వరకు దీనినే వాడాయి. ల్యాడర్ బార్లు తిన్నని డ్రాగ్ పందేలకు మాత్రమే తగినవి.

స్వతంత్ర సస్పెన్షన్

ఒక చక్రం కదలిక మరొక చక్రానికి సోకని పద్ధతి ఇది. జాగ్వార్ సంస్థ 1961లో ఇ-టైప్, మార్క్ టెన్ కార్లలో ప్రవేశపెట్టిన స్వతంత్ర వెనుక సస్పెన్షన్ మొత్తంగా ఒకే ఉపచట్రంలో ఇమిడి ఉండడం వలన, పాత జాగ్వార్ల నుండి దానిని విప్పి హాట్ రాడ్ కార్లకు బిగించుకోవడం ఒక సంప్రదాయంగా మారింది. చూడడానికి అందమైనదే. అయితే బ్రేకు డిస్కులు చక్రాల వద్ద కాక డిఫరెన్షియల్‌కు ఆనుకొని ఉండడం వలన ఆ వేడి డిఫరెన్షియల్ సీళ్ళకు తగులుతుంది, బ్రేకుల మరమ్మత్తు కూడా శ్రమతో కూడినది. స్వతంత్ర పద్ధతి గతుకుల రోడ్డుపై, మలుపులలో మేలైనది. ఒక్క ఉదుటున కారును పరుగెత్తించే డ్రాగ్ పందేలలో మాత్రం గట్టి ఇరుసుకే ప్రాధాన్యత. 1957 నుండి 1986 వరకు ఫోర్డ్ వాహనాలలో వచ్చిన 9 అంగుళాల ఇరుసు ఇందుకు నేటికీ ఇష్టమైన ఎంపిక.

స్ప్రింగు లెక్క

లింకుల కిట్లతో సాధారణంగా షాక్ అబ్జార్బరు చుట్టూ కాయిల్ స్ప్రింగు ఉండే కాయిల్ ఓవర్లు వస్తాయి. ఒక్కొక్క వెనుక చక్రంపై స్ప్రింగు మోసే బరువు 300 కిలోలు అనుకుందాం. కారు సెకనుకు 1.5 సార్లు ఊగేలా ఉండాలంటే చక్రం వద్ద మిల్లీమీటరుకు సుమారు 27 న్యూటన్ల బిగువు కావాలి. కాయిల్ ఓవర్ నిట్టనిలువుగా కాక 30 డిగ్రీలు వాలి ఉంటే దాని బిగువులో నాలుగింట మూడు వంతులే పనిచేస్తుంది. అందుచేత సుమారు 36 న్యూటన్ల స్ప్రింగు తీసుకోవాలి. 45 డిగ్రీలు వాలితే సగమే మిగులుతుంది. స్ప్రింగు మెత్తగా ఉందని ఫిర్యాదు చేసేవారు ముందుగా ఈ కోణాన్ని కొలవడం మంచిది. గాలి స్ప్రింగులు వాడితే బరువును బట్టి ఎత్తును సవరించుకోవచ్చును, కాని కంప్రెసరు, ట్యాంకు, గొట్టాలు అదనంగా చేరుతాయి.

కోయడం, అతకడం

కెమారో వెనుక భాగానికి విడి చట్రం లేదు, బాడీయే చట్రంగా పనిచేస్తుంది. ఆనాటి షాక్ అబ్జార్బరు పై కొస బిగించే రేకు కుదుపును ఆపే బలాన్ని తట్టుకునేలా చేయబడినదే గాని కారు బరువు మోసేలా చేయబడినది కాదు. అక్కడ నేరుగా కాయిల్ ఓవర్లు బిగిస్తే రేకు చీలవచ్చును. రెండు పక్కల పట్టాలను కలుపుతూ ఒక అడ్డదూలం తప్పనిసరి. లింకుల బ్రాకెట్లను తుప్పుపట్టిన లోహానికి అతకడం ఇంకా ప్రమాదకరం. వేగంగా వెళ్తున్నప్పుడు ఒక లింకు ఊడితే వెనుక ఇరుసు దానంతటదే కారును మళ్ళిస్తుంది. అందువలన బోల్టులతో బిగించే కిట్‌కైనా ముందుగా నేలను గీకి లోహం స్థితి చూడాలి.

కోసిన కారును మళ్ళీ మొదటి స్థితికి తేవడం కష్టం. అసలు భాగాలతో ఉన్న అరుదైన నమూనాలకు సంగ్రాహకులు అధిక ధర చెల్లిస్తారు కనుక, అటువంటి కారులో వెల్డింగు అవసరం లేని కిట్లనే వాడి, తీసిన భాగాలను భద్రపరచడం వాడుక. ఇంజనూ బాడీ ఎప్పుడో మారిపోయిన కారుకు ఈ పట్టింపు లేదు.

చట్టపరమైన అంశాలు

నియమాలు దేశాన్ని బట్టి మారుతాయి. జర్మనీలో 30 సంవత్సరాలు దాటిన వాహనాలకు 1997 నుండి ప్రత్యేక నంబరు ప్లేటు ఇస్తున్నారు. దీనికి వాహనం చాలావరకు అసలు స్థితిలో ఉండాలి. భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టపరచినది. 2021లో వచ్చిన వింటేజి వాహనాల నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరాలు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో గణనీయమైన మార్పులు లేని వాహనాలకే వింటేజి రిజిస్ట్రేషను లభిస్తుంది. కాబట్టి హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో పాత కారును బాగుచేయించుకునేవారికి పైన చెప్పిన లింకుల అమరికల కన్నా, అదే కొలతలతో కొత్తగా చేయించిన కమాను కట్టలే తగిన మార్గం.