కాచని డప్పు: మెటాలికా "సెయింట్ యాంగర్" కథ

ఎప్పుడో 2003లో వచ్చి అందర్నీ నిరాశపరిచిన ఒక ఆల్బమ్ గురించి ఇప్పుడు ఇంత సోది ఎందుకంటే, నాకో పాత బాకీ ఉంది.

ఆ ఏడాది అమీర్‌పేటలో ఒక రూములో నలుగురం ఉండేవాళ్ళం. ముగ్గురికి ఉద్యోగాల్లేవు, నాలుగోవాడికి కంప్యూటర్ ఉంది. మెటాలికా కొత్త ఆల్బమ్ "సెయింట్ యాంగర్" ఆ కంప్యూటర్లోనే విన్నాం (ఎలా వచ్చిందని మాత్రం అడక్కండి). రెండు పాటలయ్యేసరికి ఎవరూ ఎవరి మొహం చూడట్లేదు. అప్పుడు నేనన్నాను, "ఛీ, మా ఊరి డప్పు లెక్కుంది" అని. అందరూ పగలబడి నవ్వారు. పెన్‌పహాడ్ నుంచి వచ్చినవాణ్ణి కదా, నా ఊరి మీద నేనే జోకేసుకుంటే సిటీ పిల్లల్లో కలిసిపోతానని అప్పట్లో ఒక నమ్మకం.

ఆల్బమ్ మీద నా తీర్పు ఇప్పటికీ పెద్దగా మారలేదు. డప్పు గురించి అన్న మాట మాత్రం శుద్ధ తప్పు. ఆ తప్పు తెలిశాకే ఆ ఆల్బమ్ ఎక్కడ చెడిందో కూడా నాకు అర్థమైంది.

సరే, ముందు కథలోకి వద్దాం.

మెటాలికా 1981లో లాస్ ఏంజెలెస్ లో పుట్టింది. గిటారు వాయిస్తూ పాడేది జేమ్స్ హెట్‌ఫీల్డ్, డ్రమ్స్ లార్స్ ఉల్రిక్. 1983 నుంచి 1988 దాకా నాలుగు ఆల్బమ్ లు. అందులో 1986 నాటి "మాస్టర్ ఆఫ్ పపెట్స్" ని ఈ సంగీతం వినేవాళ్ళు ఇప్పటికీ ఒక కొలబద్దలా వాడతారు. అదే ఏడాది సెప్టెంబర్ లో స్వీడన్ లో బస్సు బోల్తా పడి బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. అతని జాగాలోకి జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1991లో వచ్చిన నల్లట్ట ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటిన్నర కాపీలకు పైగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత 1996, 1997లో "లోడ్", "రీలోడ్". జుట్టు కత్తిరించుకున్నారని ఏడ్చిన అభిమానులున్నారు, పాటలు మెత్తబడ్డాయని ఏడ్చినవాళ్ళూ ఉన్నారు.

2000 ఏప్రిల్ లో మన ఫీల్డు వాళ్ళకి బాగా గుర్తుండే సంఘటన జరిగింది. నాప్‌స్టర్ మీద మెటాలికా కేసు వేసింది. తమ పాటలు పంచుకుంటున్న 3 లక్షల 35 వేల యూజర్ల పేర్ల జాబితా పట్టుకుని లార్స్ స్వయంగా నాప్‌స్టర్ ఆఫీసుకి వెళ్ళాడు. చట్టం వాళ్ళ వైపే ఉంది గానీ, ఒకప్పుడు క్యాసెట్లు ఒకరికొకరు కాపీ చేసి పంచుకున్న అభిమానుల వల్లే పైకొచ్చిన బ్యాండు అది. చాలామందికి మనసు విరిగింది. మూడేళ్ళ తర్వాత మా రూములో విన్న ఆ ఆల్బమ్ కూడా అదే జాతి సరుకని వేరే చెప్పక్కర్లేదు :-)

2001 జనవరిలో న్యూస్టెడ్ వెళ్ళిపోయాడు. పద్నాలుగేళ్ళు వాయించిన మనిషి. పక్కన తన సొంత బ్యాండు పెట్టుకుంటానంటే హెట్‌ఫీల్డ్ ఒప్పుకోలేదు. ముగ్గురే మిగిలారు. ఈ గొడవలు సర్దడానికి ఫిల్ టౌల్ అనే కౌన్సెలర్ ని నెలకి 40,000 డాలర్లకి పెట్టుకున్నారు. ఆయన వీళ్ళ చేత మిషన్ స్టేట్‌మెంట్ కూడా రాయించాడు. ఈ వాక్యం చదవగానే మీకు మీ ఆఫీసు కాన్ఫరెన్స్ రూము గుర్తొచ్చిందంటే తప్పు మీది కాదు.

ఆ వేసవిలో శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రెసిడియో అనే పాత మిలటరీ బ్యారక్స్ లో రికార్డింగు మొదలుపెట్టారు. ప్రొడ్యూసర్ బాబ్ రాక్, బేస్ వాయించిందీ ఆయనే. జులైలో హెట్‌ఫీల్డ్ తాగుడు మానడానికి రీహాబ్ లో చేరాడు. పని ఆగిపోయింది. మళ్ళీ పాట మొదలయ్యేసరికి 2002 వచ్చేసింది. తిరిగొచ్చాక కూడా అతను మధ్యాహ్నం 12 నుంచి 4 దాకానే పని చేస్తానన్నాడు. తను లేనప్పుడు మిగతావాళ్ళు కూర్చుని చేసిన పని వినడం, దాని గురించి మాట్లాడుకోవడం కూడా తనకి ఇష్టం లేదన్నాడు. ఇదంతా జో బెర్లింజర్, బ్రూస్ సినోఫ్‌స్కీ కెమెరాతో పట్టారు. 2004లో "సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్" పేరుతో సినిమాగా వచ్చింది. కోట్లున్నవాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చుని చిన్నపిల్లల్లా తలుపులేసుకుని వెళ్ళిపోవడం చూడాలంటే అది చూడండి.

ఇంతకీ ఆల్బమ్ లో తప్పేంటి?

అందరూ మొదట అనేది స్నేర్ డ్రమ్ గురించి. స్నేర్ కి కింద తోలుకి ఆనుకుని సన్నటి తీగల వరస ఉంటుంది. కొట్టినప్పుడు అవి తోలుని తాకి "చర్" మంటాయి, ఆ మోతని పట్టి ఆపుతాయి. ఒకరోజు లార్స్ ఆ తీగలు బిగించడం మర్చిపోయాడట, ఆ చప్పుడు నచ్చి అలాగే ఉంచేశారట. ఫలితం, స్టీలు బిందె మీద గరిటెతో 75 నిమిషాలు కొట్టినట్టు "ఠంగ్ ఠంగ్". రెండో తప్పు, గిటారు సోలోలు ఒక్కటీ లేవు. సోలోలకే పేరుపడ్డ కిర్క్ హామెట్ ఆ సినిమాలో ఒక మంచి మాటంటాడు. సోలో తీసేస్తే పాత వాసన పోతుందనుకుంటున్నారు, నిజానికి అలా తీసేయడమే ఈ ఆల్బమ్ మీద ఫలానా కాలం అని ముద్ర వేస్తుందని. అప్పట్లో ను-మెటల్ గాలి, సోలోలు లేకపోవడమే ఫ్యాషన్. ఆయనన్నట్టే అయింది. మూడోది పొడుగు. పదకొండు పాటలు, ఒక్కోటి సగటున దగ్గర దగ్గర ఏడు నిమిషాలు. నాలుగు నిమిషాలకే చెప్పాల్సింది అయిపోతుంది, పాట మాత్రం ఆగదు.

నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించే తప్పు నాలుగోది. దాని గురించి తక్కువ మాట్లాడతారు. ఈ ఆల్బమ్ ని "ముడి సరుకు" గా అమ్మారు. నున్నగా చెయ్యలేదు, గ్యారేజీలో పోరగాళ్ళు వాయించినట్టు ఉంటుందని చెప్పారు. అసలు చేసిందేమిటి? గంటలకొద్దీ ఏదో ఒకటి వాయించి, ఆ రికార్డింగుల్లోంచి ముక్కలు కోసి, ప్రో టూల్స్ లో అతికించి పాటలు తయారుచేశారు. కాపీ-పేస్ట్. ఒక పాటలో ఒకే ముక్క నాలుగుసార్లు వస్తే అది వాళ్ళు నాలుగుసార్లు వాయించినట్టు కాదు. అంటే చప్పుడు మాత్రమే ముడిది, పాట కంప్యూటర్ది. శుద్ధి చెయ్యాల్సిన చోట వదిలేసి, వదిలెయ్యాల్సిన చోట కత్తిరించారు.

దీనికి సాక్ష్యం ఆ సీడీతోనే వచ్చింది. 2003 ఫిబ్రవరిలో చేరిన కొత్త బేసిస్టు రాబర్ట్ ట్రుహీయోతో కలిసి, ఆల్బమ్ మొత్తం రిహార్సల్ రూములో వాయించిన డీవీడీ ఒకటి ఉచితంగా ఇచ్చారు. అవే పాటలు, అదే వరస. కానీ నలుగురు మనుషులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ వాయిస్తుంటే పాటకి ఊపిరి వస్తుంది. అది చూశాక నా అభిప్రాయం కొంత మార్చుకున్నాను. పాటలన్నీ చచ్చినవి కావు.

ఇప్పుడు డప్పు దగ్గరికి.

మా సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్ళకోసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. యాదవుల లింగమంతుల జాతర. భేరీల మోత, "ఓ లింగా" అనే కేకలు. మా దిక్కు పుట్టినవాడికి చప్పుడంటే ఏంటో అక్కడ తెలుస్తుంది. ఉద్యోగం వచ్చిన కొన్నేళ్ళకి ఊళ్ళో ఒక పెళ్ళికి వెళ్ళాను. ఊరేగింపు మొదలవ్వాలి, డప్పులవాళ్ళు మాత్రం పక్కన గడ్డి మంట వేసుకుని డప్పులు కాస్తూ కూర్చున్నారు. మంట మీద అటు తిప్పి, ఇటు తిప్పి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ మంట మీదికి. నాకు బస్సు టైమవుతోంది. విసుక్కుంటూ, "ఎంతసేపు తాతా కాచుడు, ఎట్లైనా మోతే కదా?" అన్నాను.

ఆయన నా దిక్కు తలెత్తి కూడా చూడలేదు. "కాచకుంటే తోలు పలకది బిడ్డా, మొత్తుకుంటది" అన్నాడు.

అంతే. నాకు అమీర్‌పేట రూము గుర్తొచ్చింది.

డప్పుని మనం మోటు వాయిద్యం అనుకుంటాం. అది మన తెలివితక్కువతనం. చెక్క చట్రానికి తోలు సాగదీసి కట్టడం ఒక పని. కొట్టే ముందు మంట దగ్గర తేమ తీసి తోలు బిగించడం ఒక పని. కుడిచేతి సిర్ర ఎక్కడ పడాలి, ఎడమచేతి సిటికెన పుల్ల ఎక్కడ పడాలన్నది తరాలుగా నేర్చుకున్న పని. చావుకో దరువు, పెళ్ళికో దరువు, జాతరకో దరువు. తయారు కాకుండా డప్పు వీధిలోకి రాదు. తయారీ మనకి కనపడదు కాబట్టి లేదనుకుంటాం. సెయింట్ యాంగర్ వాళ్ళు చేసిన పొరపాటూ సరిగ్గా ఇదే. తయారీ మానేస్తే నిజాయితీ వస్తుందనుకున్నారు. "మాస్టర్ ఆఫ్ పపెట్స్" లో ఆ కోపం అంత నిజంగా వినిపించడానికి కారణం, దాన్ని ఎన్నోసార్లు మంట మీద తిప్పి, మీటి చూసి, అప్పుడు వదలడం.

ఆ తర్వాత ఏమైందో చూద్దాం. 2003 జూన్ లో ఆల్బమ్ వచ్చింది, బిల్‌బోర్డ్ లో నేరుగా ఒకటో నెంబరు. రోలింగ్ స్టోన్ పత్రిక అయిదుకి నాలుగు నక్షత్రాలిచ్చింది. పిచ్‌ఫోర్క్ పదికి 0.8 ఇచ్చింది. టైటిల్ పాటకి 2004లో గ్రామీ కూడా వచ్చింది. ఏ కొలత నమ్మాలి? నాకు తెలిసిన నమ్మకమైన కొలత ఒకటే, వాయించినవాళ్ళే దాన్ని మళ్ళీ ఎన్నిసార్లు ముట్టుకున్నారన్నది. కచేరీల్లో ఈ పాటలు అరుదు. 2011 అక్టోబర్ 30, ఆదివారం, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ లో మెటాలికా వాయించినప్పుడు హైదరాబాద్ నుంచి రాత్రి బస్సుల్లో వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. సెయింట్ యాంగర్ కోసం వచ్చానన్నవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. తమాషా ఏంటంటే, ఆ మర్నాడే యూరప్ లో లూ రీడ్ తో కలిసి చేసిన "లులూ" విడుదలైంది. అప్పట్నుంచి నిరాశపరిచిన ఆల్బమ్ అంటే సెయింట్ యాంగర్ కి ఒక తోడు దొరికింది :-)

ఇక్కడిదాకా తిట్టాను కాబట్టి రెండో వైపూ చెప్పాలి. 2001లో ఆ బ్యాండు దాదాపు అయిపోయింది. ఒకడు వెళ్ళిపోయాడు, ఒకడు రీహాబ్ లో ఉన్నాడు, మిగిలిన ఇద్దరికీ పని మళ్ళీ మొదలవుతుందో లేదో తెలీదు. అలాంటప్పుడు అందరూ అన్నిట్లో వేలు పెట్టొచ్చు, పాటల మాటలు కూడా కలిసే రాద్దాం అన్న పద్ధతి వల్లే వాళ్ళు ఒక గదిలో కూర్చోగలిగారు. ఆ పద్ధతి మనుషుల్ని నిలబెట్టింది. పాటకి మాత్రం చెడ్డది, ఎందుకంటే "ఇది తీసెయ్" అనే ధైర్యం ఆ గదిలో ఎవరికీ మిగల్లేదు. నేను పనిచేసిన ఒక చోట ఇలాంటి ప్రాజెక్టే చూశాను. టీం విడిపోయే స్థితి. ఎవర్నీ నొప్పించకూడదని రివ్యూలో అందరి కోడూ ఓకే చేశాం. రిలీజైంది ఘోరం. కానీ ఆ టీం మిగిలింది, తర్వాతి వెర్షన్ బాగా రాసింది. ఆ రిలీజుకి మార్కులెయ్యమంటే సున్నా వేస్తాను. ఆ ఆరు నెలలకి సున్నా వెయ్యమంటే నా చెయ్యి రాదు.

ఆల్బమ్ కి, అది తయారైన రెండేళ్ళకి ఒకే మార్కు వెయ్యకూడదని నా ఉద్దేశం. రెండూ కలిపేస్తే రెండు రకాల అబద్ధాలొస్తాయి. "పాపం ఎంత కష్టపడ్డారో" అని పాటల్ని మెచ్చుకోవడం ఒకటి, "ఇంత చెత్త తీశారా" అని ఆ మనుషుల్ని పారెయ్యడం ఇంకోటి.

ఆల్బమ్ లో ఆఖరి పాట "ఆల్ వితిన్ మై హ్యాండ్స్". సీడీలో అది దాదాపు తొమ్మిది నిమిషాల అరుపు. 2017లో మెటాలికా తమ సేవాసంస్థకి ఆ పాట పేరే పెట్టుకుంది. 2019 సెప్టెంబర్ లో శాన్ ఫ్రాన్సిస్కో సింఫనీతో కలిసి వాయించినప్పుడు అదే పాటని ఎలక్ట్రిక్ గిటార్లు పక్కన పెట్టి, నెమ్మదిగా, మెత్తగా పాడారు. నేను మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక మళ్ళీ మొదట్నుంచి పెట్టుకున్నాను. పాట 2003లోనే ఉంది. పలకడానికి పదహారేళ్ళు మంట దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. అదే నెలాఖరుకి హెట్‌ఫీల్డ్ మళ్ళీ రీహాబ్ కి వెళ్ళాడు. ఒక్కసారి కాస్తే జీవితాంతం పలుకుతుందని డప్పు గురించి కూడా ఎవరూ అనరు. తోలు చల్లారుతుంది, మళ్ళీ కాచాలి.

ఆ పెళ్ళిలో తాత కాచిన డప్పు వీధి చివరి దాకా వినిపించింది. బస్సు పోయింది. పోతే పోయిందిలే.