కమాను వెనుక రెండు కుటుంబాలు

1952. మద్రాసు. ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ ఇల్లు. వచ్చిన అతిథి యెహూదీ మెనుహిన్. ప్రపంచం నెత్తిన పెట్టుకున్న వయొలిన్ విద్వాంసుడు, నెహ్రూ పిలిస్తే మన దేశం వచ్చారు. ఆయన ఎదుట నేలమీద కూర్చున్నవారు ద్వారం వెంకటస్వామి నాయుడు. చిన్నప్పటి నుంచీ చూపు మందం. ఫిడేలు తల కుడి పాదానికి ఆనించి కమాను అందుకున్నారు.

మెనుహిన్ ఎరిగిన వాదన నిలబడి, వాద్యాన్ని గడ్డం కింద బిగించి చేసేది. ఇక్కడ కూర్చునే తీరు వేరు, సంగీతం వేరు. రెంటికీ ఉమ్మడి ఆస్తి ఒక్కటే: కుడిచేతిలో కర్ర, దానికి కట్టిన గుర్రపు వెంట్రుక. ఆ రోజు మెనుహిన్ ముగ్ధులయ్యారని సంగీత లోకం నేటికీ చెప్పుకుంటుంది. ఆయన కళ్లు నాయుడుగారి కమాను మీదే నిలిచి ఉంటాయని నా నమ్మకం.

మనం ఫిడేలు విని మెచ్చుకునేది ఎడమచేతిని. గమకం, జారు అంటూ తలాడిస్తాం. కుడిచేయి సంగతి పట్టదు. గాయకుడికి ఊపిరి ఎంతో, ఫిడేలుకు కమాను అంత. అది తెలిసిన మనిషి కనుకే నాయుడుగారు పాశ్చాత్య వాదననూ శ్రద్ధగా పరిశీలించి, కమాను నడకకు కావలసింది తీసుకున్నారు. పక్కవాద్యంగానే బతుకుతున్న ఫిడేలుతో 1938లో వేలూరులో సోలో కచేరీ చేశారు.

ఈ విద్య ఆయనకు ఇంట్లోనే దొరికింది. మొదటి గురువు అన్న వెంకటకృష్ణయ్య. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల తెరిచారు. ఇరవై ఆరేళ్ల వెంకటస్వామి విద్యార్థిగా చేరదామని వెళ్లారు. ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఫిడేలు విన్నాక ఈ కుర్రాడికి ఇక్కడ నేర్పేదేముంది, ఇతడే నేర్పాలి అని తేలిపోయింది. చేరడానికి వెళ్లినవాడు ఆచార్యుడయ్యాడు! 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్. ఆయన తర్వాత కుమార్తె మంగతాయారు ఫిడేలు పట్టారు.

కమాను పుట్టుక కూడా ఇంటి విద్యే. ఆ కాలంలో మద్రాసులో ఫిడేలు పెట్టె తెరిస్తే తరచూ కనిపించేది జర్మనీ సరుకు. దాని పుట్టిల్లు సాక్సనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్ అనే చిన్న ఊరు. 1677లోనే అక్కడ ఫిడేలు పనివాళ్లు సంఘం కట్టుకున్నారు. ఊరు చిన్నదే అయినా ఎగుమతులు ఎంతగా పెరిగాయంటే, అమెరికా అక్కడ కాన్సులేటు తెరిచింది. నూర్న్‌బెర్గర్, క్నోఫ్, ఫ్రెట్ష్‌నర్ కుటుంబాల్లో తండ్రి పక్కన కూర్చుని కొడుకు పని నేర్చేవాడు. హెర్మన్ రిచర్డ్ ఫ్రెట్ష్‌నర్ పారిస్ వెళ్లి అక్కడి ఫిడేలు తయారీదారు విల్యోమ్ దగ్గర పనిచేసి వచ్చి, 1880లో సొంత పనిశాల పెట్టుకున్నాడు. తర్వాత కొడుకులు అందుకున్నారు.

పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. బ్రెజిల్ నుంచి వచ్చిన పెర్నాంబుకో కలపను చిత్రిక పట్టి సన్నటి కర్రగా తీస్తారు. మంట మీద కొద్దికొద్దిగా కాచి, లోపలి వైపుకు వంచుతారు. ఒక కన్ను మూసి, కర్ర పొడవునా చూపు పారించి, మళ్లీ కాచి వంచుతారు. అంతా అయ్యాక తూకం అరవై గ్రాముల చుట్టుపక్కల. ఆ వంపు కాస్త తప్పినా తీగ మీద కమాను వణుకుతుంది.

అడవిలో పెర్నాంబుకో తరిగిపోయింది. 2007 నుంచి ఆ కలప వ్యాపారం మీద అంతర్జాతీయ నియంత్రణ ఉంది. అందుకే మైలాపూర్‌లోనో టి.నగర్‌లోనో అటక మీద తాతగారి ఫిడేలు పెట్టె ఉంటే దింపి చూడండి. వెంట్రుక రాలిందని కమాను పారేయకండి. మార్చాల్సింది వెంట్రుకనే, కర్రను కాదు. చేతి పట్టు దగ్గర పేరు ముద్ర ఉందేమో వెతకండి. లేదని చిన్నబుచ్చుకోవద్దు. ఎన్నో కుటుంబాలు దుకాణదార్ల కోసం చేసిచ్చాయి, చేసినవాళ్ల పేర్లు కర్ర మీదికి ఎక్కలేదు. వాయించాక మాత్రం మర తిప్పి వెంట్రుక వదులు చేయండి. బిగించి వదిలేస్తే ఆ వంపు పోతుంది.